పండ్ల నడుమ నాలుక

దసరా సెలవులు అయినంక
దేవరకొండ నుంచి డీసీఎంల మా బడికి తెర వచ్చింది.
నలుగురం మోసినం. నాలుగో మనిషి వంటజేసే అండాలు.
"ఇంత బరువుంటదా సారూ ఇంగ్లీషు" అన్నది,
గోడకు ఆనించి, కొంగుతో మెడ తుడుచుకుంట.

ఇరవై ఆరేండ్లు నేను సుద్దముక్కతోనే నడిపిన.
వెడ్-నెస్-డే అని
రాసిన అక్షరాలన్నీ పలికిన,
పైసలిచ్చి కొన్నట్టు ఒక్కటి గూడ ఇడువలే.
పిల్లలు నేనన్నట్టే అన్నరు.
వాళ్ల పిల్లలు వచ్చి, అవే బెంచీల మీద కూసోని,
మళ్ల నేనన్నట్టే అన్నరు.
మా దిక్కు బుధవారం
ఇంకెక్కడా లేనంత పొడుగు.

తెరల ఒక ఆడమనిషి గొంతు. మొఖం లేదు.
ముందుగాల్ల మీ ఇంటి భాష ఏదని అడిగింది.
రమావత్ సోని వేలితో జాబితాను మీదికి తోసింది,
తోసింది, తోసింది,
అడుగుదాక పోయి మళ్ల మొదటికొచ్చింది.
తండాల వాళ్లమ్మ తిట్టే భాష, బుదగరిచ్చే భాష
అండ్ల లేదు.
తెలుగు మీద నొక్కి నా దిక్కు చూసింది,
ఎవరియో చెప్పులు తొడుక్కున్నట్టు.

పాఠం: థర్స్టీ. దప్పికైన.
నాలుకను పండ్ల నడుమ పెట్టండి,
మెల్లగ గాలి ఇడువండి, అన్నది గొంతు.
బొమ్మల ఉన్న పండ్లు
పండుగకు సున్నమేసిన గోడ లెక్క ఉన్నయి.

సైదులు వంతు.
మా ఊరికి నల్లా రాకముందే వాడికి పండ్లొచ్చినయి.
బోరునీళ్లు గీసిన గోధుమరంగు గీతలు,
ఏ పొడితో తోమినా పోయేటివి కావు.
నవ్వినా అరచెయ్యి అడ్డం.
హాజరు పలికినా అరచెయ్యి అడ్డం.
నాకు తెలుసు.
నా మీసం అంత కిందికి ఎందుకుంటదో
నేనెవ్వరికీ చెప్పలే.

అరచేతి ఎనుక నుంచి వచ్చిన థర్స్టీ
మైకుకు అందలే. ఎర్ర సున్న.
"ఇంకొక్కసారి ప్రయత్నించు."
ఎర్ర సున్న.
కోపం లేదు, బెత్తం లేదు,
అదే మర్యాద, అదే సున్న.
ఏడోసారికి ఎనుక బెంచీల నవ్వు లేచింది.
నేను స్విచ్చి దిక్కు నడిచిన.

అప్పుడు వాడు మా అందరికి వీపు తిప్పి
తెరకు మూరెడు దూరంల నిలబడి
చెయ్యి తీసిండు.
నాకు వాడి మెడ, ఎర్రబడ్డ చెవులు,
కాలరు మీద కుట్టు ఊడిన జాగా,
అంతే కనవడ్డది.
ఒక్క గాలి.
తెర పచ్చగయ్యింది.

దానికి చెవులే ఉన్నయి, కండ్లు లేవు.
ఆ సంగతి వాడు నాకన్న ముందు కనిపెట్టిండు.
నేను పిల్లల నోళ్ల దిక్కు చూసుకుంటనే గదా
ఇన్నేండ్లు నేర్పింది.

గంట కొట్టినంక, గిన్నెలు బోర్లించి
అండాలు వచ్చింది. "నన్ను గూడ అననీ సారూ."
ముందటి రెండు పండ్లు లేవామెకు.
నాలుకకు అడ్డమే లేదు.
మొదటి దెబ్బకే పచ్చ.
"దప్పికైతుందని చెప్పుడే గద,
దానికి ఇంత సామానెందుకు" అన్నది,
తాళంచెయ్యి నా చేతుల పెట్టుకుంట.

ఆమె పోయినంక తలుపు దగ్గరికేసి
నేను గూడ అన్న: వెడ్-నెస్-డే.
ఎర్ర సున్న.
ఇంకొక్కసారి.
నా చెయ్యి మీసం మీద ఉన్నదని
అప్పుడు చూసుకున్న.

బయట ఆటో వాడు హారన్ కొడుతున్నడు.
రేపు బుధవారం.
నలభై ఇద్దరు పిల్లల ముందర
ఒక అక్షరం మింగాలె.