టేపు

ఎకో రిపోర్టు రేపు పదకొండుకి.
అప్పటిదాకా
నీలోఫర్ మూడో అంతస్తులో
ఈ ఇనుప బల్ల నాది.

ప్రార్థన మొదలుపెడితే
బేరమైపోతోంది.
ఉపవాసముంటాను, కానుకిస్తాను,
చిలకలగూడ చర్చి మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతాను...
ఛీ, నోరా ఊరుకో.
ఇరవై ఏళ్లు కుట్టుమిషను తొక్కినదాన్ని,
బేరమాడే గొంతు నాకు తెలియదా.

పక్క మంచం పిల్లాడి నాయనమ్మ, షాహెదా బీ,
తస్బీ పక్కన పెట్టి
ఫ్లాస్కు మూతలో సగం చాయ్ పోసిచ్చింది.
"తాగమ్మా. రాత్రి శాన పెద్దగుంది."

కెజియా మేలుకునే ఉంది.
ఎడమచేతి సూదికేసి చూస్తోంది,
దాని మీద తెల్లటి టేపు,
టేపు మీద నర్సు గీసిన బాతు.
"మమ్మీ, యేసయ్య చేతులకి టేపు వేశారా?"

లేదు బిడ్డా.

"మరి బొమ్మ?"

లేదు.

కాసేపు ఆలోచించింది.
ఆరేళ్ల గుండె, అందులో
బియ్యపుగింజంత చిల్లు.
"పాపం. రేపు నాది ఇచ్చేస్తాలే"
అని అటు తిరిగి పడుకుంది.

నా దగ్గర ఇంక మాటలు మిగల్లేదు,
అడగడానికీ, ఇవ్వడానికీ.
బయట రెడ్ హిల్స్ మీద సన్న చినుకు,
ఎవరి ఆటోనో స్టార్టవక దగ్గుతోంది.
భయం పోలేదు.
ఉంది, నా చెప్పుల పక్కనే.
కానీ ఈ చల్లటి బల్ల మీద
ఎవరో జరిగి కూర్చున్నట్టు
కాస్త చోటు వెచ్చగా ఉంది.

ఫ్లాస్కు మూత కడిగి
షాహెదా బీ కిటికీ దగ్గర బోర్లించాను.
మూడున్నర.
సోమవారం నుంచి మొదటిసారి
వీపు గోడకి ఆనించాను.