మూయాల్సిన తూటు

సికింద్రాబాద్ వేలంల పదకొండు వేలకు పాడుకొన్న
తెరచాప పడవను
డీసీఎం మీద కట్టుకొచ్చి
ధర్మసాగర్ కట్ట కింద దించినప్పుడు
ఓదెలు దాని పక్కను అరచేత్తో తట్టి
చెవి పెట్టి అన్నడు:
"దీని కడుపుల నీళ్లున్నయి."

నలభై ఏండ్ల ఫైబర్ పడవ.
పేరుల 'శ్యా' ఒక్కటే మిగిలింది.
శ్యామలనో, శ్యామసుందరో, ఎవరికెరుక.

కాజీపేట డీజిల్ షెడ్డుల ముప్ఫై ఒక్క ఏండ్లు
ఇంజన్ల కింద ఎల్లెలుకల పండుకొని
ఆయిల్ ఎక్కడ కారుతుందో వెతికినోణ్ని.
కారుడంటే నాకు భయం లేదు.
కానీ ఇది లోపలికి కారుతది.

కూసునే కాడ అడుగున రెండు తూట్లు.
వెనక చెక్కకు ఇత్తడి బిరడా.
ముక్కుల ఒకటి, బల్లల కింద రెండు
గుండ్రటి మూతలు, వాటెనక చీకటి.
ఏది తెరవాలె, ఏది మూయాలె
రాసిన కాగితం ఏనాడో పోయింది.

ఓదెలు తాత ఈ ఊరి నీరటికాడు.
తూము పలక మీద ఆయన వేలిగుర్తులున్నయని
వీడు కల్లు తాగినప్పుడల్లా చెప్తడు.
పుల్లతో మట్టి మీద పడవ గీసిండు.
"కూసునే కాడ పడ్డయి మత్తడి నీళ్లు,
వాటి తొవ్వన అవే పోతయి, ఆపకు.
బిరడా అంటే తూము,
ఒడ్డెక్కినంకనే గుంజు.
ఇగ బల్లల కింద ఉన్నదేమో..."
పుల్ల ఆగింది.
నీళ్లు రాగూడని చోటుకు
చెరువుల పేరుండదు.

"గరిసె అనుకో," అన్న నేను.
"గాలి పోసి మూతి మెత్తిన గరిసె."
వాడు ఒప్పుకోలేదు గానీ కాదనలేదు.

మూత తిప్పితే
మూడు వానకాలాల కింద మరిచిన సద్ది వాసన.
పసుపుపచ్చ నురుగు గడ్డలు
కొడవలితో కోసి కోసి బయటేసినం.
తేల్చేటందుకు పెట్టినయే
తాగి తాగి బరువైనయి.
ఎనుమాముల పోయే పత్తి ట్రాలీని ఆపి
కాంటా అడిగితే
కనకలక్ష్మి నవ్వుకుంట తూచింది:
ముప్ఫై ఎనిమిది కిలోలు.
పదిహేను రోజులు మేడ మీద ఎండినా
పదకొండు కాడ మొండికేసినయి.

లోపల వేలు పెట్టి తడిమితే
గోడకు, సరిగ్గా నా చూపుడువేలంత
డ్రిల్లుతో వేసిన తూటు.
గరిసెల చేరిన నీళ్లు బయట పడతయని
ఎవరో మంచికే వేసిండు.
పడవ బోర్ల పడిన దినం
అదే తొవ్వల చెరువంతా లోపలికొస్తదని
తోచలేదు.
తిట్టబోయి ఆగిన.
నేనూ వేసిన అసొంటివి,
రాత్రి డ్యూటీల,
తెల్లారితే చూస్కుందామని.

పంక్చర్ల యాకూబ్ పాషా వచ్చిండు,
సబ్బు నీళ్లు, సైకిల్ పంపు, పాత టూత్ బ్రష్.
"గట్టిగ కొట్టకు భాయ్, లారీ టైర్ కాదు,
ఊపిరంత పెట్టు, చాలు."
మూత అంచున ఒక బుడగ,
స్క్రూల కాడ సన్న నురుగు,
తూటును అతికిన కొత్త మాసిక కాడ మాత్రం
ఏమీ లేదు. ఏమీ లేకపోవుడు
అంతసేపు ఎన్నడూ చూడలేదు నేను.

గరిసెల నిండ
ఫంక్షన్ హాలు వెనక ఏరిన ఖాళీ నీళ్ల సీసాలు
మూతలు బిగించి కుక్కినం.
ఎవరి పెండ్లిల ఎవరి దాహమో.

ఆదివారం, నడుం లోతుల,
మేమే దాన్ని కూలదోసినం.
తెరచాప నీళ్ల మీద తడి దుప్పటోలె పరుచుకుంది.
పడవ పక్కకు ఒరిగి
మునుగుత, మునుగుత, అని
మునగలేదు.
ఓదెలు దాని మీదెక్కి కూసొని
తడిసిన బీడీ నోట్ల పెట్టుకొని
అగ్గిపెట్టె కోసం నా దిక్కు చూసిండు.

ఒడ్డుకు గుంజినంక బిరడా తీస్తే
అరగ్లాసు నీళ్లొచ్చినయి.
ప్రతిసారీ అంతే,
ఎక్కువ కావు, తక్కువ కావు.
ఏడికెళ్లి వస్తున్నయో
యాకూబ్‌కు దొరకలేదు, నాకు దొరకలేదు.

ఓదెలు వాటిని మాత్రం
చెరువులకు విసరడు,
పడవ నీడన మొలిచిన బంతి మొక్కకు పోస్తడు.