నలభై అడుగులు

కేప్ ఫ్లాట్స్‌లో ఇంకా మంచు వీడదు.
ఆరున్నరకల్లా హెరన్ వీధి మొదట్లో
తాడు విప్పుతుంది రుగ్షానా.
మూరకో ముడి,
ముడికో పిల్ల.
"నీ ముడి వదలకు."

ఇక్కణ్ణించి బడి పన్నెండు వందల ముప్ఫై అడుగులు.
మధ్యలో రెండు ముఠాల సరిహద్దు,
గోడ మీద ఒకరి అంకె కొట్టేసి ఇంకొకరి అంకె.
తూటా పేలిందంటే పిల్లలంతా ఒక్కసారే కూచుంటారు.
నేర్పింది మేమే.
లెక్కలు తర్వాత నేర్చుకుంటారు.

ఐదేళ్ల కిందట, ఓట్లకి ముందు,
డెన్వర్ ఫోర్టేన్ గారు వచ్చారు
తెల్లటి కొత్త బూట్లతో.
ఎనిమిది వాకీటాకీలన్నారు, వీధి దీపమన్నారు,
నడిపించే ఆడవాళ్లకి నెలనెలా భత్యమన్నారు.
ఆరేళ్ల తష్రీక్ ముడి తనూ పట్టుకుని
కెమెరాకేసి నవ్వుతూ నడిచారు.
మలుపు దగ్గర కారు ఆగి ఉంది.
నేను లెక్కపెట్టాను:
నలభై అడుగులు.

గెలిచారు.

వాకీటాకీలు రెండొచ్చాయి, చార్జర్లు లేకుండా.
పసుపు కోట్ల మీద పార్టీ పేరు
మూడో ఉతుక్కి పోయింది.
రంగు మాత్రం మంచిదే, మంచులో కనబడుతుంది.
దీపం కోసం స్తంభం పాతారు.
స్తంభమే.

భత్యం సంగతి అడగడానికి
రుగ్షానా మూడు టాక్సీలు మారి వెళ్లింది.
అద్దం వెనకమ్మాయి కంప్యూటరంతా వెతికి
'స్థానిక భద్రత' అన్న పద్దు చూపించింది.
ఎదురుగా ఓ అడ్డగీత.
"వచ్చే ఆర్థిక సంవత్సరం, ఆంటీ" అందట మెల్లగా,
ఆ గీత తనే గీసినట్టు తలొంచుకుని.

ఏరు దాటినవాడు తెప్ప తగలేస్తే తగలేశాడు,
మేమింకా ఈ ఒడ్డునే ఉన్నాం,
నలభై ముగ్గురు పిల్లలతో.
తష్రీక్‌కి ఇప్పుడు పదకొండు.
తాడు చివర వాడే పట్టుకుంటాడు, వెనక్కి చూస్తూ.

మళ్లీ ఓట్లొచ్చాయి.
దీపం లేని స్తంభం ఇన్నాళ్లకి పనికొచ్చింది:
అదే ముఖం, అదే నవ్వు, కళ్లజోడు కొత్తది.
ఊడిపోకుండా
పది చుట్లు నైలాన్ తాడు.

ఈ ఏడు కొత్తగా ఆరుగురు పిల్లలు చేరారు.
నిన్న తెల్లారకముందే రుగ్షానా
వంటింటి కత్తితో స్టూలెక్కింది.
బొమ్మని చింపలేదు,
జాగ్రత్తగా దించి గోడకి ఆనించింది,
మలుపు వైపు చూసేట్టు.
తాడు మటుకు చేతికి చుట్టుకుంది.

గట్టి తాడే.
ఆరు ముళ్లు పడ్డాయి,
ఇంకా జానెడు మిగిలింది.