గిడ్డమ్మ గుండె

బాలాజీ కాలనీ మలుపులో నా డీటీపీ కొట్టు.
రాత్రి పదికి షటరు సగం దించినాక
కింద నుంచి దూరి వచ్చింది మొగిలీశ్వరి,
వెటర్నరీ కాలేజీ, ఆఖరి సంవత్సరం.
చేతిలో పెన్‌డ్రైవు, చెప్పులకింకా పేడ.

"అన్నా, పన్నెండు స్లైడులు, రెండొందల పద్నాలుగు ఎంబీ.
అయిదు దాటితే తీసుకోరంట.
పన్నెండు కొడితే వాకిలి మూసేస్తారంట."

తెరిచి చూస్తే బొమ్మలన్నీ కలిపి మూడున్నర.
మిగతా బరువంతా గుండెది.
పుంగనూరు అవతల చెంగల్రాయప్ప కొట్టంలో
గిడ్డమ్మ అనే ఆవు,
దాని రొమ్ముకు మైకు ఆనించి పట్టిన నాలుగు నిమిషాలు.
ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి.
"ఆవుకు రెండు గుండెలామ్మా?" అంటూ మోనో చేశాను.

అదే శబ్దం అయిదు స్లైడుల్లో అయిదు సార్లు,
కొండకు నడిచిపోతూ ఒక్క మనిషి
అయిదు సంచుల్లో అయిదు దుప్పట్లు మోసినట్టు.
నాలుగు దించేసి, ఉన్న ఒక్కటీ
అన్ని స్లైడుల్లోనూ ఆగకుండా పారేట్టు కట్టాను.

"చిన్నదైతే సత్తువ తగ్గతాదేమో" అని నేనంటే
నవ్వింది. "గిడ్డమ్మ నా నడుమంత గూడా రాదన్నా.
దాని పాల మీద మీగడ చూసినావా?"

ఆ ఊపులో 'రొద తీసేయి' మీట కూడా నొక్కాను.
అద్దం తుడిచినట్టయింది.
లబ్ డబ్. లబ్ డబ్.
హెడ్‌ఫోను తీసి ఆ పిల్ల నా వంక చూసింది.
"అన్నా, ఆవుకు నయం చేసేసినావు."

లబ్‌కీ డబ్‌కీ నడుమ ఒక 'స్స్' ఉండాలంట,
చిల్లిగోతం లోంచి తవుడు జారినట్టు.
సరిగా మూతపడని కవాటం అది.
దానికోసమే పదకొండు సార్లు బస్సెక్కిందంట.
నేను రొద అనుకున్నది ఆమె చదువంతా.

వెనక్కి. మళ్లీ మొదట్నించి.
ముప్పై రెండు దగ్గర స్స్ నీళ్లలో మునిగింది.
నలభై ఎనిమిది దగ్గర తల ఎత్తింది గానీ గొంతు దానిది కాదు.
అరవై నాలుగు దగ్గర
ఇద్దరం ఒకేసారి తలూపాం.

ఇంకా నాలుగొందల కేబీ పైనే ఉంది.
మొదటి యాభై సెకన్లు గుండె సరిగా వినపడదు,
ఎవరో ముసలాయన గొణుగుడు:
"గమ్మునుండు తల్లీ, గమ్మునుండు, ఏమీ చెయ్యదులే ఈ పాప."
కత్తెర దగ్గరికి పోయింది నా వేలు.

"ఆగన్నా. ఎంచు."
ఎంచాను. ఆ మాటలకు ముందు నిమిషానికి తొంభై ఆరు.
తర్వాత డెబ్బై నాలుగు.
"అది గొణుగుడు కాదు" అంది, "నా ఏడో స్లైడు."

మరి దేన్ని కొయ్యాలి?
చివరి స్లైడులో 'ధన్యవాదాలు' చుట్టూ
గులాబీల బుట్ట ఒకటి, అరకోటి చుక్కలతో.
పీకేశాను. అక్షరాలు మాత్రం మిగిలాయి, తెల్లటి గోడ మీద.
నాలుగు పాయింటు తొమ్మిది.

పదకొండూ యాభై రెండుకు ఎక్కింది.
ముప్పై అడిగితే నలభై ఇచ్చి పోయింది,
చిల్లర వద్దంటూ.

కంప్యూటరు ఆపి బయటికొచ్చాను.
షటరు దించుతుంటే మధ్యలో ఒక 'స్స్'.
ఇన్నేళ్లుగా ఉందో,
ఇవాళే మొదలైందో.