పట్టాలు లేని చోట

ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపాను, బ్ర్నో నగరంలో.
చేతికింద ఒక పిడి, కాలికింద గంట.
స్టీరింగ్ లేదు.
ఎక్కడ తిరగాలో వీధే చెప్పేది.
నేనే తిప్పాననుకుని
దిగేటప్పుడు కొందరు థాంక్స్ చెప్పేవాళ్ళు.

రిటైరయ్యాక, అరవై రెండో ఏట,
ఊరి చివర గుర్రాల బడిలో పేరు రాయించుకున్నాను.
"నడుం విరిగితే సూపు కాచేది నేనేగా"
అని నవ్వింది మా చెల్లెలు బొజెనా.

గుర్రం పేరు బొరూవ్కా.
బూడిదరంగుది, పద్దెనిమిదేళ్ళది.
నాలాంటి వాళ్ళని చాలామందిని మోసి మోసి
ఎవరి మాటా నమ్మడం మానేసింది.

నేర్పేది జ్దిస్లావా, ఇరవై నాలుగేళ్ళ పిల్ల.
పాఠానికి ముందు పంటెతో ఇసుకంతా దువ్వుతుంది,
చిక్కులు తీసి జడ వెయ్యబోతున్నట్టు.
"ఇరవై మీటర్ల సున్నా చుట్టు" అంటుంది.
చుట్టొచ్చాక దిగమంటుంది,
ఇసుకలో నా రాత నాకే చూపిస్తుంది.

మొదటి వారం కోడిగుడ్డు.
రెండో వారం మొలకెత్తిన బంగాళాదుంప.
మూడో వారం సున్నా మూసుకోనే లేదు,
తోక సాచి
దాణా గది దాకా పోయింది.

ఎడమ పగ్గం లాగాను, నిజం.
మెడ ఎడమకి వంగింది,
ఎడమకన్ను వెనక్కి తిరిగి నన్నే చూసింది,
మిగతా గుర్రం మాత్రం కుడిభుజం మీదుగా
తను పోదలచుకున్న వైపే పోయింది.
"మెడ తిప్పావు. గుర్రాన్ని తిప్పలేదు.
లోపలి చెయ్యి అడగాలి, బయటి చెయ్యి హద్దు చెప్పాలి.
ముందు దాని చెవులు చూడటం మానెయ్,
వెళ్ళాల్సిన చోటు చూడు."

రౌతు కొద్దీ గుర్రం అంటారు.
కాదు, రౌతు చూపు కొద్దీ.
కంచె పలకల మీద అక్షరాలున్నాయి,
ఎ తర్వాత కె, కె తర్వాత ఇ,
ఏ బడిలోనూ దిద్దించని వరస.
ఒక అక్షరం దాటకముందే
తర్వాతి అక్షరం మీద చూపు వాలాలి.
నాకది చేతకాలేదు.
ఇన్నేళ్ళూ ముందున్న ఇనుమునే చూస్తూ బతికినదాన్ని.

ఒక జనవరి సాయంత్రం, పట్టాల మీద ఒక పిల్లవాడు.
వాడి చెక్క స్లెడ్జి మంచులో ఇరుక్కుంది.
గంట కొట్టాను. బ్రేకు నొక్కాను.
చక్రాల కింద ఇసుక వదిలాను,
ట్రామ్‌కి ఉన్న ఆఖరి ఉపాయం అదొక్కటే.
పక్కకి ఒక్క జానెడు, జానెడంటే జానెడు
తప్పుకోవాలని
ఒళ్ళంతా ఎడమకి ఒరిగిపోయాను.
పదహారు టన్నుల ఇనుము వినలేదు.
పిల్లవాడు దూకేశాడు. బతికాడు.
చెక్క విరిగిన చప్పుడు మాత్రం
ఇంకా నా దగ్గరే ఉంది.
ఈ సంగతి జ్దిస్లావాకి చెప్పలేదు.

పదకొండో పాఠం. సన్నగా వాన పడి ఆగింది.
బొరూవ్కా ఆ రోజెందుకో నన్ను భరిస్తోంది.
సగం సున్నా చక్కగా వచ్చింది, నాకే తెలుస్తోంది,
అంచుదాకా నిండిన గిన్నె మోస్తున్నట్టు.
అప్పుడు లాయంలోంచి పిల్లి.
సరిగ్గా నేను పోవాల్సిన గీత మీదకొచ్చి
కూచుని కాలు నాక్కుంటోంది.

గంట కోసం నా పాదం వెతికింది. రికాబు తగిలింది.
చూపు, పిల్లి పక్కన జానెడు ఇసుక మీద పడింది.
అంతే.
చేతులు కదిపానో లేదో చెప్పలేను.
ఒళ్ళు ఒరిగింది, మునుపటిలాగే.
ఈసారి కిందున్న బరువు విన్నది.
పక్కటెముకలు మెల్లగా వంగి,
నాలుగు డెక్కలూ పిల్లిని తప్పించి
మళ్ళీ గీతలోకొచ్చాయి.
పిల్లి నాక్కోవడం ఆపలేదు.

దిగాక జ్దిస్లావా ఇసుక చూసింది.
"బాగుంది. ఇదిగో, ఇక్కడే నొక్కుపోయింది.
చదును చేసి మళ్ళీ చేద్దాం."
చెయ్యి అప్పటికే పంటె మీదుంది.

కాసేపు ఉంచు, అన్నాను.

"ఎందుకు?"

బొరూవ్కా నా కోటు జేబులో మూతి దూర్చి
యాపిల్ ముక్క వెతుక్కుంటోంది.