గది నిశ్శబ్దం

ఎల్ ఆల్టోలో మినీబస్సు తలుపుకి వేలాడుతూ
స్టాపుల పేర్లు అరవడం నా ఉద్యోగం.
సేహా, సేహా, పెరెస్, ప్రాడో, ఇంకొక్కరే ఇంకొక్కరే!
పద్నాలుగేళ్ళుగా ఈ గొంతు
పదమూడు వేల అడుగుల ఎత్తున
గాలితో గొడవ పడుతూనే ఉంది.

అలాంటివాడికి వర్క్‌షాప్‌లో, మొదటి శనివారం,
దెల్ఫీనా నేర్పిన మొదటి పాఠం
నోరు మూసుకోవడం.
"ముప్పై సెకన్లు. ఎవరూ కదలొద్దు.
గది నిశ్శబ్దం రికార్డు చేస్తున్నాం."
నవ్వొచ్చింది.
ఏమీ లేనిదాన్ని పట్టి దాచుకోవడమేమిటి?
హెడ్‌ఫోన్లు తెచ్చి నా చెవులకి తగిలించింది.

ట్యూబులైటు ఈగలా ముసురుతోంది.
పైకప్పు రేకుని గాలి గోళ్ళతో గీకుతోంది.
నికనోరా కట్టుకున్న అయిదు లంగాలూ
ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నాయి.
ఎవరిదో కడుపు, నాదే అనుకుంటా,
పొద్దున ఏమీ తినలేదని చాడీ చెబుతోంది.

మేం పదకొండుమందిమి. కెమెరాలు మూడు.
పనిచేసే ట్రైపాడ్లు ఒకటిన్నర,
ఆ సగందానికి చీపురుకర్రతో కట్టు కట్టాం.
తెల్లటిదేదో చూపిస్తే తప్ప
కెమెరాకి తెలుపంటే ఏమిటో తెలీదట.
నికనోరా తన ఏప్రన్ పట్టి చూపించింది.
"అది తెలుపు కాదమ్మా, పొయ్యి సెగకి పచ్చబడింది."
"నాకు తెలిసిన తెలుపు ఇదే."
ఆ రోజు మేం తీసిన మొహాలన్నీ
నీలంగా, చలికి వణుకుతున్నట్టు వచ్చాయి.

చలి నిజంగానే ఉంది.
బ్యాటరీలు ఉన్నట్టుండి ప్రాణం వదిలేస్తుంటే
చంకల్లో పెట్టుకుని పొదిగాం.
తెల్లవారుజామున మూడింటికి
నికనోరా రొట్టెల పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని
నేను ఊపిరి పీలిస్తే ఫ్రేము పైకి లేచేది,
వదిలితే పొయ్యి కిందికి జారేది.
"అరిచే ముందు గాలి నింపుకుంటావు కదా,
షాట్‌కీ అలాగే. ముందొక పది అంకెలు, వెనకొక పది."

నాలుగో శనివారం ఎడిటింగ్.
తెర అడుగున పొడుగాటి పట్టీ.
ముందు జరిగింది ఎడమన, తర్వాతిది కుడిన, అంది దెల్ఫీనా.
నికనోరా ఒప్పుకోలేదు.
"ముందు జరిగింది ముందుండాలి కదమ్మా, కంటికెదురుగా.
మా ఆయన పోయిన చలికాలం ఇదిగో, ఇక్కడే ఉంది.
రేపంటావా, అది వీపు వెనక. ఎవరు చూశారు?"
మా ఐమారాలో కంటికీ గతానికీ ఒకటే మాట.
దెల్ఫీనా మౌస్ వదిలేసి కుర్చీ ఇటు తిప్పింది.
కాసేపు ఎవరం ఏమీ అనలేదు.
ఆ నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యాలని
ఒక్కరికీ తోచలేదు.

నలభై ఒక్క నిమిషాలు నాలుగు నిమిషాలవ్వాలి.
కోసినచోటల్లా ధ్వని గతుక్కుమంటోంది.
ఒకచోట పొయ్యి తలుపు తెరుచుకునే ముందు
దూరంగా, చాలా దూరంగా,
సేహా, సేహా...
నా బదులు ఆ రోజు బస్సెక్కిన కుర్రాడు.
సిగ్గేసింది. తీసేద్దామని వేలు పెట్టాను.
నికనోరా నా మణికట్టు పట్టుకుంది.
"ఉంచు. అది వినపడ్డాకే రెండో వాయి బయటికి తీస్తాను.
ఆ పొయ్యింట్లో గడియారమే లేదు, నువ్వు చూడలేదా?"

పద్నాలుగేళ్ళు.
బస్సెక్కినవాళ్ళే వింటారనుకున్నాను.

అరుపు ముందు వచ్చేలా జరిపాం, ఇంకా తెర నల్లగా ఉండగానే.
తర్వాత మంట. తర్వాత ఆమె చేతులు.
మిగిలిన కంతలకి
పొయ్యి దగ్గర పట్టుకొచ్చిన ముప్పై సెకన్లని
ముక్కలు చేసి మాసికలు వేశాను.
అతుకు ఎక్కడుందో ఇప్పుడు నాకే తెలీదు.

సోమవారం సేహా దగ్గర
తలుపు పట్టుకుని, గాలి నింపుకుని,
ఒకటి, రెండు, మూడు...
చక్రాల కింద కంకర, ఎవరి చేతిలోనో చిల్లర,
రొట్టెల బుట్ట మీద గుడ్డ రెపరెప.
ఏడు, ఎనిమిది.
"ఒరేయ్, అరవ్వేంరా!" అన్నాడు డ్రైవరు.