పదహారో బోల్టు

వరంగల్ల పాత ఇనుము దుకాణంల
యాకూబ్ పాషా దాన్ని కాంటా మీదికి ఎక్కిచ్చిండు.
ముంగటి మడ్‌గార్డు కొంగ ముక్కులెక్క గాలిల,
సైడు డబ్బా మీద మాకెవలికీ రాని అక్షరాలు.
"చైనాది. భూపాలపల్లి దిక్కు
బొగ్గు జూసెతందుకు బోర్లేసిన కంపెనోళ్లు ఇడిసిపెట్టి పోయిన్రు.
కాయిదాల్లేవు. కిలో ముప్పై ఎనిమిది."
తొంభై ఆరు కిలోలు,
గడ్డకట్టిన బురద, సీటు కింద కందిరీగల గూడు
అన్నీ కలుపుకొని.
మూడువేల ఆరు వందల నలభై ఎనిమిది.
ఆ ఎనిమిది ఇడిసిపెట్టిండు,
అదీ మూడుసార్లు బతిమిలాడితే.

నేను తాడ్వాయి సెక్షన్ల లైన్‌మన్‌ను.
పదకొండు కేవీ తీగెల నడుమ
ఇరవై ఏండ్లు బతికి బట్టకట్టినోన్ని
పన్నెండు వోల్టుల ముంగట కూలవడ్డ.
నల్లది ఎర్త్ అనుకున్న, కాదు,
ఆకుపచ్చది ఎర్త్.
ఎర్రది ఏడికి పోతదో ఎర్రదానికే తెల్వదు.
టార్చి పట్టుకొని నిలవడ్డ సాంబలక్ష్మి
"కరెంటోని ఇంట్ల కరెంటు లేని బండి" అని
వాడకట్టంత ఇనవడేటట్టు నవ్వింది.

ట్యాంకు నిండ తుప్పు.
అద్దకిలో చింతపండు నానేసి పోసినం,
రెండు దోసిళ్ల సన్న కంకర ఏసి
నేనొక దిక్కు, ములుగు మెకానిక్ మొగిలి ఒక దిక్కు,
మూడు పొద్దులు ఊపినం.
నాలుగో పొద్దు ఒంపితే
కాకిరంగు పులుసు.

క్లచ్ ప్లేట్లు ఒక బండియి,
కార్బొరేటర్ ఇంకో బండిది,
చైను ఏ బండిదో మొగిలి చెప్పలే, నేనడగలే.
బేరింగు మీద మాత్రం ఆరు రెండు సున్న రెండు.
హన్మకొండల దుకాణపాయన
ఫోన్ల మాట్లాడుకుంటనే ఎనక్కి చెయ్యి సాపి తీసిచ్చిండు.
లోకంల ఇంకేది కుదరకున్నా
బేరింగులు కుదురుతయి.

ఇంజను మడ్డి కడిగినంక కనవడ్డది:
బోల్టు తలల మీద సన్నటి పసుపు గీత.
బిగిచ్చినోడు, బిగిచ్చిన అని పెట్టుకున్న గుర్తు.
మొగిలి వేలువెట్టి లెక్కవెట్టిండు.
పదిహేనిటికి ఉంది.
పదహారోదానికి లేదు.
ఇన్నేండ్లు ఆయిలు కారింది అక్కడికెల్లే.

మొగిలి నోరు తెరిసి తిట్టబోయిండు.
"ఆగు" అన్న.
ఆ పొద్దు షిఫ్టు గంట కొట్టిందో,
ఎనకకెల్లి ఎవలన్న పిలిసిన్రో,
పిల్లకు జరమొచ్చిందని కబురొచ్చిందో.
నాకు గుట్టకిందిగూడెం ట్రాన్స్‌ఫార్మర్ మతికొచ్చింది.
వానల, ఆకలికి,
సగమే తిప్పి దిగొచ్చిన ఒక నట్టు.
ఎవలకేం గాలే.
ఏం గాలేదు గాబట్టే
ఎవలకూ చెప్పలే ఇప్పటిదాక.
మొగిలి పానా పక్కకు పెట్టి
బీడి ఒకటి నాకు ఇచ్చి, ఒకటి తను ముట్టిచ్చుకుండు.
మల్ల ఆ ముచ్చట తీయలే.

పదహారోదానికి మరలు అరిగిపోయినయి.
కొత్త మరలు తీసి, బిగిచ్చి,
సాంబలక్ష్మి గోళ్లరంగుతోని
ఎర్రటి గీత గీసిన.

ఇరవై మూడో కిక్కుకు దగ్గింది.
ముప్పై ఒకటోదానికి
పక్కింటోళ్ల కోళ్లు గోడ దుంకినయి.

శ్రావణంల ఫీడరు పడిపోయిన రాత్రి
వాగు మోకాటి బంటి.
నడిమిట్ల బండి ఆగలే,
నా గుండె ఆగింది ఒక్క ఘడియ.
అవతలి గడ్డ మీద దిగి
లైటేసి వంగి చూసిన.
పదహారోది పొడిగ ఉంది.
పదకొండోది చెమ్మగిల్లింది.

సీసాల గోళ్లరంగు ఇంకా సగముంది.